మూడు సంతకాల పెళ్లి

మా పెళ్లికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

అతనూ నేనూ బేగంపేటలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. కులాలు వేరు, ప్రాంతాలు వేరు. మాది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే మల్కాజ్‌గిరి వచ్చి స్థిరపడ్డాం. నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయారు. అప్పటినుంచీ ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అతనివాళ్లు తాతల నాటినుంచీ మారేడ్‌పల్లిలోనే ఉన్నారు. వాళ్ల నాన్నకి టెంట్ హౌస్ ఉంది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా, పురుడైనా, చావైనా షామియానా, కుర్చీలు, వంటపాత్రలు ఆయన దగ్గర్నుంచే వెళ్తాయి.

ఇళ్లల్లో ఒప్పుకోరని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే చాలాకాలం సాయంత్రాలు ఆఫీసు కింద టీకొట్టు దగ్గర నిలబడి యుద్ధానికి సిద్ధమయ్యాం. అమ్మ ఏడిస్తే నేనేమనాలి, వాళ్ల నాన్న ఇంట్లోంచి పొమ్మంటే అతను ఎవరింటికి వెళ్లాలి, అన్నీ మాట్లాడుకున్నాం. నేనైతే అమ్మ కోసం ఒక ఉపన్యాసమే తయారుచేసుకున్నాను. అందులో కులం గురించీ, మనిషి స్వేచ్ఛ గురించీ మంచి మంచి వాక్యాలుండేవి.

ఒక ఆదివారం పొద్దున్న అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. మొదటి వాక్యం సగంలో ఉండగానే అమ్మ తలెత్తి, "ఆ టెంటు హౌసు వాళ్ల అబ్బాయి గురించేనా?" అంది.

"నీకెలా తెలుసు?"

"మొన్న వానలో నిన్ను బండిమీద దింపీసి వెళ్లేడు కదే. వెళ్తూ వెళ్తూ మన గేటు గడియ కూడా వేసి వెళ్లేడు. ఆ మాత్రం బుద్ధున్నవాడు చాలు. భోజనానికి ఎప్పుడు పిలుస్తావు మరి?"

మిగతా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

అతనికి జరిగింది ఇంకా అన్యాయం. వాళ్ల నాన్న విషయం విని, "పిల్ల నౌకరి చేస్తదా? మంచిగయింది. ఆషాఢం రాకముందే పెట్టుకుందాం. శ్రావణంల నాకు మస్తు బుకింగ్‌లున్నయ్" అన్నారట. వాళ్లమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసిందట: "ఆ పిల్ల పచ్చిపులుసు తింటదా?"

మర్నాడు టీకొట్టు దగ్గర ఇద్దరం ముఖాలు వేలాడేసుకుని నిలబడ్డాం. గెలిచినవాళ్లలా లేము. పరీక్షకి రాత్రింబవళ్లు చదివి వెళ్తే పరీక్ష రద్దయిందన్నట్టుంది.

అమ్మ వాళ్ల అన్నయ్య, మా మావయ్య, విజయనగరం నుంచి వచ్చాడు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయినవాడు. పిల్లల్లేరు. నాన్న పోయినప్పటినుంచీ నా చదువూ, ఉద్యోగమూ, జలుబూ అన్నీ ఆయనకి ముఖ్యమైన విషయాలే. పీటలమీద కూర్చుని నన్ను కన్యాదానం చేసేది తనేనని ఆయన ఎప్పుడో నిశ్చయించేసుకున్నాడు. అందుకు కట్టుకోవాల్సిన పట్టుపంచె కూడా కొనేశాడని మా అత్తయ్య ఫోన్లో చెప్పింది.

రెండు కుటుంబాలూ మా ఇంట్లో కూర్చున్నాయి. కాఫీలయ్యేదాకా అంతా సవ్యంగానే ఉంది. తర్వాత ముహూర్తం మాట వచ్చింది. మా సిద్ధాంతి పెట్టింది అర్ధరాత్రి దాటాక.

వాళ్ల నాన్న నవ్వారు. "రాత్రి పెండ్లేంది బావా? దొంగతనమా? మా దాంట్ల పొద్దుగాల పదకొండింటికి లగ్గం, పన్నెండింటికి బువ్వ. మా ఇంటి ముంగట రోడ్డు పొడుగూత టెంట్ ఏస్త. ఈ ఏరియల ఇప్పటిదాంక ఎవరు ఎయ్యనంత టెంట్."

"రోడ్డు మీద పెళ్లేటి?" అన్నాడు మావయ్య. "ఆడపిల్ల పెళ్లి ఆడపిల్ల వారింట జరగాలి. విజయనగరంలో కల్యాణమండపం నేను చూసీసేను."

"గంత దూరం మా మంది ఎట్లొస్తరు? సరే ఒస్తరే అనుకో. మటన్ వండనిస్తరా ఆడ?"

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "పెళ్లి భోజనంలో మాంసమా?"

"మటన్ లేకపోతే పెండ్లికి ఎవరొస్తరు బావా?"

అక్కడినుంచి మాటా మాటా పెరిగింది. ఎవరి పంతులు, ఎవరి తాళి, ఎవరి బ్యాండు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇద్దరికీ ఈ పెళ్లి ఘనంగా చెయ్యాలనే ఉంది. అదే చిక్కు. నేనూ అతనూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి వాళ్ల నాన్న లేచి నిలబడి, "గింత పరేషానెందుకు? పోయి రిజిస్టర్ ఆఫీసుల చేస్కోమనుండ్రి!" అన్నారు. బెదిరింపుగానే అన్నారు.

"అలాగే చేసుకోమనండి!" అన్నాడు మావయ్య. అదీ బెదిరింపే.

రెండు బెదిరింపులూ గదిలో అలా నిలబడిపోయాయి. ఎవరో ఒకరు వెనక్కి తీసుకుంటారని అందరం చూస్తున్నాం. అప్పుడు అమ్మ ఖాళీ గ్లాసులు ట్రేలో పెట్టుకుంటూ, "అదే బాగుంది. అలాగే చేసీద్దాం" అంది.

మా రిజిస్టర్ పెళ్లి నిర్ణయం జరిగింది అలాగ. ఆఫీసులో మాత్రం మేము ఆడంబరాలు వద్దని ఆదర్శ వివాహం చేసుకుంటున్నామని చెప్పుకున్నారు. ఒకాయన మమ్మల్ని లిఫ్టు దగ్గర ఆపి మరీ కరచాలనం చేశాడు. మేమూ కాదనలేదు.

*

రిజిస్ట్రారు ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఒక పాత మేడ మీద ఉంది. ఇళ్లూ ప్లాట్లూ రిజిస్టరు చేసేదీ, పెళ్లిళ్లు చేసేదీ అక్కడే. కింద వరసగా దస్తావేజులు రాసేవాళ్ల గదులు. ఒకాయన మమ్మల్ని చూడగానే కుర్చీ జరిపి, "ప్లాటా, ఫ్లాటా?" అన్నాడు.

"పెళ్లి."

"ఆ పని సుత చేస్తం. కూసోండ్రి."

ఆయన ఓపిగ్గా వివరించాడు. గుడిలోనో హాల్లోనో పెళ్లి చేసుకుని తర్వాత వచ్చి నమోదు చేయించుకోవడం ఒక పద్ధతి. ఏ తంతూ లేకుండా ఇక్కడే ఆఫీసరు ముందు పెళ్లి చేసుకోవడం ఇంకో పద్ధతి. దీనికి ముందుగా నోటీసివ్వాలి. ఆ నోటీసు నెల రోజులు బోర్డు మీద ఉంటుంది. ఎవరికైనా అభ్యంతరముంటే వచ్చి చెప్పచ్చు. ఎవరూ చెప్పకపోతే పెళ్లి. ఆ రోజు ముగ్గురు సాక్షులు రావాలి.

"ముగ్గురా?" అన్నాడు అతను.

"ముగ్గురు. ఇద్దరైతే నడువది."

అప్పటికి మాకు ఆ మాట బరువు తెలీలేదు. నోటీసిచ్చి, కింద చెరుకురసం తాగి, ఎవరిళ్లకి వాళ్లం వెళ్లాం.

నోటీసు బోర్డెక్కిన రోజునుంచీ మావయ్య రోజూ ఫోన్ చేసేవాడు. "ఏటమ్మా, ఎవరైనా అభ్యంతరం చెప్పేరా?" ఆ గొంతులో ఆదుర్దా ఎంతో ఆశ కూడా అంతే. లేదు మావయ్యా అంటే, "ఇంకా టైముందిలే" అని పెట్టేసేవాడు.

వాళ్ల నాన్న ఫోన్లు చెయ్యలేదు. నేరుగా వెళ్లి చూసొచ్చారు. మా నోటీసు మీద ఎవరిదో స్థలం తగాదా కాగితం సగం అడ్డం వచ్చిందట. ఆయన దాన్ని పక్కకి జరిపి, మా నోటీసుని ఫోన్లో ఫొటో తీశారు. పెళ్లి పత్రికలు అచ్చేయించొద్దని కొడుకు చెప్పాడు కాబట్టి, ఆ ఫొటోనే బంధువులందరికీ పంపించేశారు. ఇదే లగ్న పత్రిక అనుకోండని కింద ఒక మాట రాశారు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

నోటీసులో అభ్యంతరాలున్నవారు ఫలానా గడువులోగా తెలియజేయాలని ఉంటుంది కదా. సాయంత్రానికి ఆయన ఫోను ఆగకుండా మోగింది. సిద్దిపేట నుంచి ఆయన పెదనాన్న కొడుకు, "ఏందన్నా, పెండ్లికి రమ్మని పిలుస్తరు గని, అభ్యంతరం చెప్పుమని పిలుస్తరా ఎవరన్న?" అన్నాడట. ఇంకొకాయన నిజంగానే ఆలోచించి, "నాకైతే ఏం లేదే" అని జవాబు పంపాడు. కొందరు అసలు పిల్లాడేదో చిక్కుల్లో పడ్డాడనుకుని ఆ రాత్రే మారేడ్‌పల్లి వచ్చేశారు.

*

ముగ్గురు సాక్షులన్న మాట రెండు కుటుంబాల్లోకీ మెల్లిగా వెళ్లింది. వెళ్లిన చోటల్లా అంటుకుంది.

కుటుంబాలు రెండు, సంతకాలు మూడు. ఒకవైపు రెండు పెడితే ఇంకోవైపు ఒకటే. ఈ చట్టం రాసినవాళ్లకి వియ్యాలవారి సంగతి బొత్తిగా తెలీదని అతను అన్నాడు. నవ్వుతూ అనలేదు.

మావయ్య ఫోన్ చేశాడు. "కన్యాదానం ఎలాగూ లేదన్నారు. సంతకమైనా నాది ఉండాలి కదమ్మా. ఆడపిల్లవారి తరఫున నేనే కదా."

ఫోను స్పీకర్లో ఉంది. అమ్మ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఫోను దగ్గరికి వంగి, "మన తరఫు సంతకం నేను పెడతాను అన్నయ్యా" అంది.

"నువ్వా?" అన్నాడు మావయ్య. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడు.

"నేనే."

"సర్లే" అని పెట్టేశాడు.

నేను అమ్మనే చూస్తున్నాను. ఆమె నా చున్నీ మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"పెళ్లంటూ చేస్తే అన్నయ్యా వదినా పీటల మీద కూచుంటారు. కూచోవలసిందే. నేనెక్కడో వెనకాల నించుని చూస్తాను. తాళి కట్టీ టైముకి ఎవరో ఒకరొచ్చి, నువ్వు కాస్త లోపలికెళ్లమ్మా అంటారు. మీ పిన్ని పెళ్లిలో మా అమ్మని అలాగే అన్నారు. మొన్న నువ్వు తెచ్చిన కాగితాలు చదివేను. సాక్షికి పద్దెనిమిదేళ్లు నిండాలి, గుర్తింపు కార్డుండాలి అని రాసుంది. ఇంకేటీ రాయలేదు."

చున్నీ బీరువాలో పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. పప్పు కుక్కర్లో ఉంది, మూడో కూత వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి మేము చూసిన గొడవలో, అమ్మ ఒక్కతే తనక్కావలసింది చక్కగా సంపాదించుకుందని నాకప్పుడు తెలిసింది. మనిషి స్వేచ్ఛ గురించి నేను కట్టుకున్న వాక్యాలు ఒకటీ గుర్తు రాలేదు.

అమ్మ పెడుతోందని తెలియగానే వాళ్లమ్మ, "వదినె పెడ్తె నేను సుత పెడ్త. కన్నది నేను" అంది. మిగిలింది ఒక్క సంతకం. అటు వాళ్ల నాన్న, ఇటు మావయ్య.

"ఊరందరి పెండ్లిళ్లకు టెంట్లేసిన. నా కొడుకు పెండ్లికి టెంట్ లేదు, బ్యాండ్ లేదు. సంతకం సుత లేదంటే నేనేం చెయ్యాలె ఆడ, గోడకు ఒరిగి నిలబడాల్నా?" అన్నారాయన.

"మగపెళ్లివారికి రెండు, మనకి ఒకటీనా? అదేం లెక్క?" అన్నాడు మావయ్య. లెక్కల మాస్టారు కాబట్టి ఆ విషయంలో ఆయన మరీ పట్టుదలగా ఉన్నాడు.

వారం రోజులు రాయబారాలు నడిచాయి. ఎవరికిచ్చినా రెండోవాళ్లు పెళ్లికి రామన్నారు. చివరికి మేమిద్దరం మళ్లీ టీకొట్టు దగ్గర నిలబడి, మూడో సంతకం మా ఆఫీసు స్నేహితుడితో పెట్టించాలని తేల్చాం. అతను ఎవరి బంధువూ కాదు. ఆ కబురు తెలిసిన రోజు మావయ్యా వాళ్ల నాన్నా ఫోన్లో మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్లిద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. ఇంట్లో పెద్దమనుషులుండగా ఎవరో ఆఫీసోడు సంతకం పెట్టడమేమిటని.

*

పెళ్లిరోజు పొద్దున్నే మేము వెళ్లేసరికి రిజిస్ట్రారు ఆఫీసు ముందు వాళ్ల నాన్న వ్యాన్ ఆగి ఉంది. ఎర్ర గుడ్డ తొడిగి, వెనక బంగారు రంగు ముడి వేసిన కుర్చీలు మెట్లెక్కుతున్నాయి. ఆఖర్న రెండు మహారాజా కుర్చీలు, సింహాల చేతులవి, నలుగురు మోసుకొస్తున్నారు.

"నాన్నా!" అన్నాడు అతను.

"టెంట్ ఎయ్యొద్దన్నవ్. ఏసిన్నా? జెర మనోళ్లు కూసోనీకి తెచ్చిన."

పైన అటెండరు దారికి అడ్డం నిలబడ్డాడు. "ఏం సార్, ఫంక్షన్ హాలనుకున్నరా? పెద్దసారు చూస్తే నా నౌకరి పోతది."

"గంత మంది పొద్దటిసంది గోడలకు ఒరిగి నిలబడ్డరు. జెరసేపు కూసోబెడితే తప్పా తమ్మీ? నువ్వు సుత కూసో."

వరండా నిండా జనం. కంప్యూటర్లు పనిచెయ్యడం లేదట, ఎప్పుడు మొదలవుతాయో ఎవరికీ తెలీదు. వాదన తెగకముందే, స్థలం పని మీద వచ్చిన ఒక పెద్దావిడ, "అమ్మయ్య" అంటూ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆమె వెనకే ఇంకొకరు. చూస్తుండగా మా కుర్చీలన్నీ నిండిపోయాయి, మావాళ్లు నిలబడ్డారు. వధూవరుల సింహాసనాల్లో ఒక దాంట్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని ఎవరో బట్టతలాయన కూర్చుని నిద్రపోయాడు. లోపల్నుంచి ఆఫీసరు గోల ఏమిటా అని బయటికి వచ్చారు. వరసల్లో బుద్ధిగా కూర్చున్న జనాన్ని అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి అటెండరు వాళ్ల నాన్న పక్కన చేరి, తన చెల్లెలి నిశ్చితార్థానికి ఎన్ని కుర్చీలు పడతాయో అడుగుతున్నాడు.

మావయ్య పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. ముభావంగా ఉన్నాడు. చివర్న ఒక కుర్చీ ఖాళీ అయితే వెళ్లి కూర్చున్నాడు. ఆయన పక్కన పసుపు రంగు నేత చీర కట్టుకున్న ఒక అమ్మాయి, ఒళ్లో పాలిథిన్ సంచి. సంచిలో రెండు పూలదండలు. కొంచెం దూరంలో ఒక అబ్బాయి, అతని స్నేహితుడు, ఫోన్లు చెవులకి పెట్టుకుని తిరుగుతున్నారు.

ఎవరినైనా ఊరడగకుండా మావయ్య ఉండలేడు. "ఏ ఊరమ్మా మీది?"

"జగిత్యాల దగ్గర అండీ."

"మీవాళ్లు కింద ఉన్నారా?"

"లేరండీ. రారు."

మావయ్య ఇంకేమీ అడగలేదు. కానీ వింటూనే ఉన్నాడు. మేమూ విన్నాం, వరండా అంతా విన్నది. ఆ అబ్బాయికి ముగ్గురు స్నేహితులు సాక్షులుగా రావాలి. వచ్చింది ఒకడే. ఒకడి ఫోను స్విచ్చాఫ్. ఇంకొకడి ఫోను అతని తండ్రి ఎత్తి, మావాణ్ని ఇందులోకి లాగొద్దన్నాడు. సాక్షులు లేకపోతే ఇంకో తేదీ తీసుకోండని లోపల గుమాస్తా చెప్పాడు. ఇంకో తేదీ దాకా ఆగితే వాళ్లవాళ్లకి తెలిసిపోతుందని ఆ అబ్బాయి గొంతు తగ్గించి చెబుతున్నాడు. అమ్మాయి ఏడవడం లేదు. సంచిలోంచి రాలిన ఒక చామంతిని మళ్లీ సంచిలో వేస్తోంది.

మావయ్య ఆమె వైపు తిరిగాడు. బళ్లో పిల్లల్ని లేపి నిలబెట్టి అడిగే గొంతు అది. "అమ్మాయీ, ఇది నీ ఇష్టంతోనే చేసుకుంటున్నావా?"

ఆమె తలూపింది.

"తలూపడం కాదు. నోటితో చెప్పమ్మా."

"నా ఇష్టంతోనే అండీ."

"ఆ అబ్బాయి ఏం చేస్తాడు?"

"ల్యాబ్‌లో టెక్నీషియన్ అండీ. నేనూ అక్కడే."

మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వరండా అవతలి చివర ఉన్న వాళ్ల నాన్నని గట్టిగా పిలిచాడు. "బావగారూ! ఆధారు కార్డు తెచ్చేరేటి?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. అప్పుడు బయటపడింది. తెచ్చారు. కార్డూ, దాని జెరాక్సులూ, పాస్‌పోర్టు ఫొటోలూ అన్నీ కవర్లో పెట్టుకుని జేబులో ఉంచుకున్నారు. మావయ్యా తెచ్చాడు. ఇద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు, మా స్నేహితుడు ఏ ట్రాఫిక్‌లోనో చిక్కుకుని రాకుండా పోతాడేమోనని అన్నీ సిద్ధంగా పెట్టుకుని వచ్చారు. ఆ స్నేహితుడు అందరికంటే ముందే వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు పాపం.

మా స్నేహితుడే భయపడ్డాడు కూడా. "అంకుల్, మీకు వాళ్లెవరో తెలీదు. రేపు వాళ్లవాళ్లు వచ్చి గొడవ చేస్తే?"

"రానీ బిడ్డా" అన్నారు వాళ్ల నాన్న. "మారేడ్‌పల్లిల నా దుకాణం ఎవలనడిగినా చెప్తరు. వాళ్లు సుత పిల్లల్ని కన్నోళ్లే కద. ఛాయ్ తాగిపిచ్చి మాట్లాడ్త."

మావయ్య అప్పటికే ఆ అబ్బాయిని పక్కకి తీసుకుపోయి, నోటీసు నెల రోజులూ బోర్డు మీదే ఉందా, ఎవరూ అభ్యంతరం చెప్పలేదా, కాగితాలన్నీ అసలువేనా అని ప్రశ్నలు వేస్తున్నాడు. మా పెళ్లికి ఆయన ఇన్ని అడగలేదు.

"అమ్మాయి తరఫున నేను పెడతాను" అన్నాడు తిరిగొచ్చి. "మీరు అబ్బాయి తరఫున పెట్టండి బావగారూ. సరిగ్గా సరిపోనాది లెక్క."

*

"మ్యారేజ్ పార్టీ ఎవరు? రండి!" అని కేక వినిపించింది. మా వంతు.

గది చిన్నది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఫైళ్లు. బల్లకి ఇవతల మేమిద్దరం నిలబడ్డాం. చెప్పవలసిన పెళ్లి ప్రమాణం ఒక కాగితం మీద తెలుగులో రాసి ఉంది. మా ఆఫీసులో గంటలకొద్దీ తడుముకోకుండా మాట్లాడే అతను, 'చట్టబద్ధమైన' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. గొంతు సవరించుకుని మళ్లీ మొదటినుంచి చదివాడు. రెండోసారీ అక్కడే ఆగాడు. ఆఫీసరు తలెత్తకుండానే, "మెల్లగా చదవండి, తొందరేం లేదు" అన్నారు. మూడోసారి గట్టెక్కాడు. నేను ఒక్కసారికే చదివేశాను కానీ, ఏం చదివానో నాకు తెలీదు.

సంతకాలకి పిలిచారు. అమ్మ పెన్ను తీసుకుంది. ఆమె సంతకం చెయ్యడం నేను చాలాసార్లు చూశాను. బ్యాంకులో, గ్యాసు పుస్తకంలో గబగబా గీసేస్తుంది. ఆ రోజు మాత్రం తన పేరూ ఇంటిపేరూ పూర్తిగా, విడివిడిగా, గుండ్రంగా రాసింది. రాసి ఒకసారి చదువుకుంది.

అంతటితో పెళ్లయిపోయినట్టే. తాళి వద్దని మేమిద్దరం ముందే అనుకున్నాం. అందరికీ చెప్పాం కూడా. అప్పుడు వాళ్లమ్మ బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి, అందులోంచి పసుపుతాడుకి కట్టిన పుస్తె తీసింది.

"అమ్మా, వద్దనుకున్నాం కద" అన్నాడు అతను.

"ఈడ కట్టొద్దని యాడన్న రాసిందా సారూ?" అని ఆమె ఆఫీసర్నే అడిగింది.

ఆయన కంప్యూటరు తెర వైపు తిరిగిపోయి, "నేనేం చూడలేదు. తొందరగా కానీయండి. బయట సేల్ డీడ్ వాళ్లున్నారు" అన్నారు.

నేను ఏదో అందామనుకున్నాను. అనేలోపు వాళ్లమ్మ, "వదినా, గట్ల నిలబడ్డవేంది? దగ్గరికి రా. పిల్ల జెడ జెర పైకి పట్టు" అంది. అమ్మ నా వెనకకి వచ్చింది. నా మెడ మీంచి జడ ఎత్తి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను తల వంచాను. అతను మూడు ముళ్లూ వేసేదాకా అమ్మ జడ వదల్లేదు. తర్వాత కూడా కాసేపు వదల్లేదు.

బయటికొచ్చి మేము దండలు తీసి చేతిలో పట్టుకునేసరికి, "నెక్స్ట్ మ్యారేజ్" అన్న కేక వినబడింది. ఆ అమ్మాయీ అబ్బాయీ లోపలికి వెళ్లారు. వాళ్ల వెనక వాళ్ల స్నేహితుడు. అతని వెనక మావయ్య, పట్టుపంచె కుచ్చెళ్లు సవరించుకుంటూ. ఆయన వెనక వాళ్ల నాన్న, జేబులోంచి కవరు తీస్తూ. మా పెళ్లప్పుడు గుమ్మం బయట నిలబడి చూసిన ఇద్దరూ ఇప్పుడు దర్జాగా లోపలికి వెళ్లారు. తలుపు సగం మూసుకుంది.

మావయ్య వచ్చేటప్పుడు ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆమె అప్పుడు ఏడుస్తోంది. "ఏటీ కాదు, ఏటీ కాదు" అంటున్నాడు. ఆయన కళ్లూ అలాగే ఉన్నాయి. వాళ్ల నాన్న ఆ అబ్బాయిని భుజం మీద తట్టి, "నడువుండ్రి, ఇంటికాడ బువ్వ తయారుంది. పొద్దటిసంది తిన్నట్టు లేరు" అన్నారు.

ఇంటి దగ్గర పదిమందికి భోజనమని ఆయన మాకు చెప్పారు. మారేడ్‌పల్లిలో వీధి మలుపు తిరిగేసరికి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా షామియానా వేసి ఉంది. కొడుకు ఏమీ అనకముందే, "పెండ్లికి ఎయ్యొద్దన్నవ్. ఇది పెండ్లి కాదు, లంచ్" అన్నారు.

ఒక పక్క మటన్, ఇంకో పక్క మా అమ్మ చెప్పిన పులిహోర, పప్పు. మావయ్య రెండు బల్లల మధ్యా కాసేపు నిలబడ్డాడు. "పెళ్లి పొద్దున్న అయిపోనాది కదా. ఇది మామూలు భోజనమే" అని మటన్ బల్ల వైపు నడిచాడు. ఆ కొత్త జంటని తనకి చెరోపక్కా కూర్చోబెట్టుకుని కొసరి కొసరి వడ్డించాడు. వచ్చినవాళ్లలో సగం మంది పెళ్లికూతురు ఆ అమ్మాయే అనుకుని చదివింపు కవర్లు ఆమె చేతిలో పెట్టబోయారు. ఆమె హడావుడిగా నన్ను చూపించేది. సాయంత్రం కాకముందే వాళ్లు అందరికీ దణ్ణాలు పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

వాళ్ల ఫోన్ నంబరు తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. మావయ్య నేను తీసుకున్నాననుకున్నాడు. నేను మా ఆయన తీసుకున్నాడనుకున్నాను. ఆయన వాళ్ల నాన్న తీసుకుని ఉంటారనుకున్నాడు.

మావయ్య విజయనగరం నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. అమ్మ ఎలా ఉందని, నేనెలా ఉన్నానని అడిగాక, "మన పిల్ల ఎలాగుందమ్మా?" అంటాడు. మొదట్లో నంబరు లేదని చెప్పబోయాను. నోరు రాలేదు. బాగానే ఉన్నారట మావయ్యా, అన్నాను.

"ఉంటారు. నాకు తెలుసు" అన్నాడు. "ఆ కుర్రాడు అక్కడ పెట్టిన సంతకం చూసేను కదా. తొందర లేకుండా, గీత మీదే పెట్టేడు."

పోయిన వారం ఫోన్లో, వచ్చేనెల హైదరాబాద్ వస్తున్నాననీ, వాళ్లింటికి తీసుకెళ్లమనీ అన్నాడు. అత్తయ్య ఆ అమ్మాయికి చీర కొందట. సరేనన్నాను. మా ఆయన పేపరు మీంచి తలెత్తి నన్ను చూశాడు. నేను అటు తిరిగి, ఏ రైలుకి వస్తున్నావు మావయ్యా అని అడిగాను.